కౌసల్య కట్టిన మందు మూటలు

అత్త నర్సింహమ్మ పోయిన పదో దినం పొలం బావి కాడ పిట్టలకు పెట్టాల్సింది పెట్టి, ఖాళీ గంప నెత్తిన పెట్టుకొని కౌసల్య ఇల్లు చేరేసరికి ఇల్లంతా అలికి ఉంది. గోడలకు కొత్త సున్నం పడింది. పాత కుండలు పెంటకుప్ప మీద పగిలి ఉన్నాయి. మైల తీసే పనంతా ఆడబిడ్డ ఆగమ్మ తన మీదే వేసుకుంది. మోకాళ్ళ నొప్పులని చెప్పి బావి దాకా రాకుండా ఇంట్లోనే ఉండి, మధ్యాహ్నానికల్లా ముగించింది. ఆ మాట నలుగురూ తమంతట తాము అనాలని, సున్నం చేతులు కడుక్కోకుండా అరుగు మీద కూర్చొని ఉంది.

కౌసల్య గంప దించి అర్రలోకి పోయింది. గోడవారగా మందు మూటలుండే వెదురు బుట్ట బోర్లించి ఉంది. దాని పక్కన మూడు పాత పేపర్లు, వాటి మీద మూడు కుప్పలు. ఒకటి ఎండాకు పొట్టు, ఒకటి వేరు ముక్కలు, ఒకటి పొడి.

"ముల్లెలేవి వదినె?" అని అడిగింది.

"గుడ్డలన్నీ చాకలి దేవమ్మకు వేసిన," అన్నది ఆగమ్మ అరుగు మీంచే. "మైల ఉన్న ఇంట్ల పేలిక కూడ మిగలొద్దు. నీ ముల్లెలు విప్పేసరికి నా గోర్లు పోయినయ్. రెండు వందలుంటయా? ఎవలన్న గంత గట్టిగ ముడేస్తరానే. అన్ని మంచిగ సర్దిన, సూస్కో. ఆకు ఆకుల, చెక్క చెక్కల, పొడి పొడిల."

కౌసల్య ఆ మూడు కుప్పల ముందు అట్లాగే కూర్చుండిపోయింది. గడపలోంచి చూసిన ఆడవాళ్ళు, పాపం అత్త యాదికొచ్చింది అనుకున్నారు. అత్త యాదికి రాలేదు. ఆ క్షణాన ఆగమ్మ జుట్టు పట్టుకొని ఆ పేపర్ల దగ్గరికి ఈడ్చుకురావాలని ఒక్కటే అనిపించింది. చావింట్లో, పదో దినాన, మొగుని తోడబుట్టిన దాన్ని ఏమీ అనలేక చేతులు రెండూ ఒళ్ళో బిగించి పట్టుకొని కూర్చుంది.

ఆ కోపం ఎందుకో తెలియాలంటే ఆ మూటల సంగతి చెప్పాలి.

కౌసల్య కొండాపూర్ అవతలి పల్లె నుంచి పటాన్‌చెరులోని ఆ ఇంటికి వచ్చింది అరవై ఒకటిలో. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు. పెనిమిటి మొగులయ్య అప్పుడు నాగలి పట్టేవాడు. తర్వాత రామచంద్రాపురంలో సర్కారు ఫ్యాక్టరీ లేచాక అందులో సామాను మోసే పనికి కుదిరాడు. నర్సింహమ్మకు ఆకు పసరు తెలుసు. గట్ల మీద, వాగుల్లో తిరిగి తెచ్చి, నీడలో ఆరబెట్టి, కుండల్లో పోసి పెట్టేది. ఎవరైనా దగ్గని వస్తే గుప్పెడు తీసి చెంగులో పోసి, ఇట్లా కాచుకో, ఇట్లా వడగట్టుకో అని చెప్పి పంపేది. నర్సింహమ్మకు మోకాళ్ళు పట్టేశాక గట్లు తిరిగే పని కోడలిదయింది.

డెబ్బై వచ్చేసరికి పటాన్‌చెరు మారిపోయింది. పొలాల మధ్య రేకుల షెడ్లు లేచాయి. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కిరాయికి దిగారు. ముగ్గురు నలుగురు మగవాళ్ళు ఒక్క అర్రలో, ఒక్క కిరసనాయిల్ స్టవ్ మీద బతికేవారు. కౌసల్య వాళ్ళ ముందు గదుల్లో భీమవరం వైపు నుంచి వచ్చిన నరసరాజు అనే ఫిట్టర్ దిగాడు. అప్పటికి పెళ్ళి కాలేదు. జ్వరమొస్తే నర్సింహమ్మ గుప్పెడు నేలవేము ఇచ్చింది. మొదటిసారి గిన్నె మాడబెట్టాడు. రెండోసారి వడగట్టడానికి గుడ్డ లేక పిప్పితో సహా మింగి, పొద్దుటిదాకా వాంతులు చేసుకున్నాడు.

ఆయన గిన్నె తోముతుంటే కౌసల్య చూసింది. ఆ మధ్యాహ్నం మామ పాత ధోవతి చింపి, ఒక్క పూటకు సరిపడా మందు అందులో పోసి, చిన్న మూట కట్టి ఇచ్చింది. "చాయ్ నీళ్ళు పెట్టుకుంటవ్ గద. ముల్లెతోటే అండ్ల ఎయ్యి. మరిగినంక తీసి పారెయ్యి. గంతే," అంది.

అంతే. నెల తిరగకుండా కాజీపల్లి వైపు షెడ్ల నుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. రోలు లేనివాళ్ళకు, గుడ్డ లేనివాళ్ళకు, పెళ్ళాం ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఆ మూట ఇంకెక్కడా దొరకని వస్తువు. బయట జనం దానికి నర్సింహమ్మ చాయ్ అని పేరు పెట్టారు.

అత్తాకోడళ్ళిద్దరికీ అక్షరం రాదు. అందుకని కౌసల్య మూట మెడకు చీర పేలిక కట్టేది. పదిసార్లు ఉతికి రంగు వదలడం మానేసిన పేలికలే. పచ్చ పేలిక అయితే దగ్గుకు, నీలం అయితే జ్వరానికి, పసుపు బాలింతకు. ఎర్ర పేలిక కడుపు కదలని వాళ్ళకు. ఎర్రదాంట్లో సునాముఖి ఆకు ఉంటుంది. కడుపుతో ఉన్న మనిషికి ఎర్ర పేలిక చూపించను కూడా చూపించొద్దని నర్సింహమ్మ మొదటిరోజే చెప్పింది. పచ్చదాంట్లో అడ్డసరం ఆకు. రెండూ ఎండి, దంచి పొట్టు అయ్యాక కన్ను చెప్పలేదు ఏది ఏదో. పేలికే చెప్పాలి.

ఆగమ్మ ఆ పేలికలన్నీ విప్పి చాకలి మూటలో వేసింది. ఆకులన్నీ ఒక్క కుప్పలో పోసింది.

పదకొండో దినం ఆగమ్మ కొండాపూర్ పక్కనున్న తన అత్తగారి ఊరికి బయలుదేరింది. తల్లి ముక్కుపుడక, రెండు ఇత్తడి చెంబులు, కొత్త చీర తీసుకుంది. అవి బిడ్డకు పోయే రివాజే, ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అర్రలోకి పోయి మూడు కుప్పల్లోంచి సగం సగం ఎత్తి మూట కట్టుకుంది. కౌసల్య వంటింట్లో అందరికీ అన్నం వడ్డిస్తూ ఉంది. చెయ్యి కడుక్కొని వచ్చి చూసేసరికి బస్సు వెళ్ళిపోయింది.

"మీ అక్క మందు తీస్కపోయింది," అన్నది మొగులయ్యతో.

"అవ్వ మందే గద. బిడ్డ తీస్కపోతే ఏమైతది?"

"అది కలిసిపోయిన మందు. ఏది ఏందో తెల్వదు."

"నీకు తెల్వదా? నువ్వు పదేండ్ల సంది గదే పని జేస్తివి."

"కట్టినప్పుడు తెలుసు. విప్పి కలిపినంక బ్రహ్మకు గూడ తెల్వదు."

మొగులయ్య చుట్ట అంటించుకొని, "అవ్వ పోయి పదకొండు దినాలైతుంది, ఇప్పుడు ఆకుల పంచాయితీ బెట్టకు," అన్నాడు. ఆయన మెత్తని మనిషి. కోపం రాదు. కౌసల్యకు ఆ రోజు ఆ మెత్తదనం మీద కూడా మండింది. మనిషి పోయిన ఇంట్లో ఒకరు మాట్లాడకపోతే ఇంకొకరు మాట్లాడాలి కదా. తల్లిని మోసుకుపోయిన రోజు ఆగమ్మ వాకిట్లో పడి ఏడిస్తే వాడకట్టంతా వచ్చి పట్టుకుంది. బిడ్డ ఏడుపు అట్లా ఉండాలి అన్నారు. కౌసల్య ఆ సమయంలో వచ్చినవాళ్ళకు నీళ్ళు అందిస్తూ ఉంది. పద్నాలుగేళ్ళు ఆ ముసలమ్మ పక్కన కూర్చొని మధ్యాహ్నాలు గడిపింది. మూటలు మొదలయ్యాక ఒకరు దంచితే ఒకరు కట్టేవారు. ఎక్కువ మాటలు కూడా ఉండేవి కావు. అటువంటి మనిషి పోతే ఏడ్వడానికి కౌసల్యకు వంతు రాలేదు.

మర్నాటి నుంచి మిగిలిన సగం ముందేసుకొని కూర్చుంది. వేర్లు తేలికే. తిప్పతీగ ముక్క చేతికి తగిలితేనే తెలుస్తుంది, పిప్పలి వేరుకు గరుకు ఉంటుంది, అతిమధురం నాలుక మీద పెడితే చాలు. గంటలో వేర్ల కుప్ప నాలుగు చేటల్లోకి పోయింది. పొడుల్లో సొంఠి ఘాటు ముక్కుకు తెలిసింది. ఆకు కుప్ప దగ్గరే ఆగిపోయింది. జల్లెడ పట్టింది. పొట్టంతా ఒకే సైజు. నీళ్ళలో వేసి చూసింది. ముందు రెండూ తేలాయి, తర్వాత రెండూ మునిగాయి. ఇక నాలుకే దిక్కు. చిటికెడు చిటికెడు తీసి నోట్లో వేసుకొని, అడ్డసరం చేదా, సునాముఖి జిగటా అని చూసి ఉమ్మేసేది. ఎంత ఉమ్మినా కొంత లోపలికి పోతుంది. మూడో రోజు మధ్యాహ్నానికి చెంబు పట్టుకొని ఆరుసార్లు పోవాల్సి వచ్చింది.

ముందు గదిలో హైమావతి ఇది చూస్తూ ఉంది. నరసరాజు రెండేళ్ళ కింద పెళ్ళి చేసుకొని తెచ్చుకున్న పిల్ల. ఎనిమిదో తరగతి చదివింది. చంకలో మూడు నెలల పసిబిడ్డ.

"కౌసల్యమ్మగారూ, ఏవిటండీ ఇది, మిమ్మల్ని మీరే చంపుకుంటున్నారు. మజ్జిగ తాగండి ముందు," అని గ్లాసు అందించింది.

"తాగుత. జెర ఆగు. ఈ చేట అయిపోనీ."

"నాకూ దగ్గుగానే ఉందండీ. ఓ మూట ఇస్తారేమో అడుగుదామని వచ్చాను. ఈ వాలకం చూస్తే అడగబుద్ధి కావట్లేదు."

"అడగకు. నీ దగ్గర పసిపిల్ల పాలు తాగుతుంది. నువ్వు తాగింది దానికి పోతది."

హైమావతి చేటలోకి వంగి చూసింది. "ఇంత కష్టపడి కట్టినవాటికి పైన పేర్లు రాయించుకోవాల్సిందండీ. నేను రాసిపెట్టేదాన్ని. రాసిపెట్టమని పెద్దావిడ కూడా అడగలేదెప్పుడూ."

"రాస్తే సదివేదెవలు? నేనా, మా వదినెనా? ఆమె పేరు రాసిన కాయితం గూడ పొయ్యిల పెడతది." కౌసల్య చేట పక్కకు నెట్టింది. "నన్ను అడిగితే అయిపోతుండె గద. కౌసల్యా, గివి విప్పుతున్న, ఏమన్న ఉన్నదా అని ఒక్క మాట. నేను బావి కాడ ఉన్న, దేశాంతరం పోలేదు. పిలగాన్ని పంపినా వస్తుంటి. అడగదు. ఎందుకడుగుతది? ఇంటి బిడ్డ. నేను బయటినుంచి వచ్చిన దాన్ని."

 హైమావతి కూడా బయటినుంచి వచ్చిందే. మజ్జిగ గ్లాసు మళ్ళీ ముందుకు జరిపింది.

నాలుగో రోజు ఐలన్న వచ్చాడు. ఆయన ఆగమ్మ ఊరి మనిషి. మొగులయ్య పనిచేసే ఫ్యాక్టరీలోనే గేటు దగ్గర పని. సైకిల్ దిగుతూనే నవ్వుతున్నాడు.

"ఏమ్మా కౌసల్యా, మీ ఆడబిడ్డ పెద్ద వైద్యురాలయింది. మీ అత్త చాయ్ ఇప్పుడు మా ఊర్లనే దొరుకుతుంది."

కౌసల్య చేతిలో చేట ఆగిపోయింది. "ఇస్తుందా?"

"ఇస్తుందా అంటవేంది. అరుగు మీద కూసోని పంచుతుంది. మా పక్కింటి మల్లయ్య దగ్గుకు తాగిండు. రెండు దినాల సంది చెరకుతోట్ల నుంచి ఇంటికొస్తలేడు. దగ్గు పోయిందా అనడిగిన. దగ్గుదామంటె భయమైతుందే అన్నడు." తన మాటకు తానే నవ్వి, కౌసల్య ముఖం చూసి ఆపేశాడు. "ఏమైందమ్మా?"

"ఆమె కోడలు సంగమ్మ ఎట్లుంది?"

"మంచిగనే ఉంది. ఏడో నెల. పిల్ల జెర దగ్గుతుంది గని."

కౌసల్య లేచింది. మొగులయ్య రెండో షిఫ్టుకు పోవడానికి చొక్కా వేసుకుంటూ ఉన్నాడు. "నేను వదినె ఊరికి పోతున్న," అన్నది.

"ఒక్కదానివా? ఆదివారం నేను తోల్కపోత. లొల్లి పెట్టుకోకు కౌసల్యా. అక్క మనసు ఇప్పుడు బాగలేదు."

"అక్క మనసు బాగలేదు. నా మనసు ఎట్లుందో అడిగినవా? ఆదివారం దాక ఆ పిల్ల కడుపు ఆగుతదా?"

కట్టిన చీరతోనే పోయింది. పటాన్‌చెరు సడక్ మీద సంగారెడ్డి బస్సు ఎక్కి, అక్కడ దిగి కొండాపూర్ బస్సు కోసం ఎండలో నిలబడింది. మొగుడు లేకుండా బస్సు ఎక్కడం అదే మొదలు. భయం వేయలేదు. భయానికి లోపల చోటు లేదు. కిటికీ పక్కన కూర్చొని ఆగమ్మతో అనాల్సిన మాటలు వరుసగా పెట్టుకుంది. ఊరు దగ్గరపడే కొద్దీ ఆ వరుస చెదిరిపోయి, ఆ పిల్ల తాగిందా లేదా అన్న ఒక్క మాటే మిగిలింది.

ఆగమ్మ ఇంటి వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు కూర్చొని ఉన్నారు. మధ్యలో చేట. చేటలో కొత్త తెల్లగుడ్డతో కట్టిన మూటలు, అన్నిటికీ తెల్లదారమే. ఒకదానికి ఒకటి తేడా లేదు. చూడ్డానికి ఎంతో శుభ్రంగా ఉన్నాయి. లోపల పొయ్యి మీద గిన్నె మరుగుతూ ఉంది, పక్కన సంగమ్మ పీట మీద కూర్చొని గొంతు పట్టుకొని దగ్గుతూ ఉంది.

"కౌసల్యా, ఒక్కదానివే వచ్చినవేందే, అందరు మంచిగున్నరా?" అంటూ ఆగమ్మ లేచింది.

కౌసల్య ఆమెను దాటి లోపలికి పోయింది. "సంగమ్మా, తాగినవా?"

"లే చిన్నమ్మా. ఇప్పుడే మరుగుతుంది. పొద్దుగాల తాగుమన్నది అత్త, నేనే పనిల పడి..."

మిగిలిన మాట కౌసల్య వినలేదు. చెంగుతో గిన్నె పట్టుకొని, ఉన్నపళంగా పొయ్యిలో కుమ్మరించింది. బూడిద లేచింది. నిప్పులు సుయ్యిమని ఆరిపోయాయి. ఇల్లంతా పొగ. వాకిట్లో ఆడవాళ్ళు గడపలోకి వచ్చి నిలబడ్డారు.

మండే పొయ్యి ఆర్పడం ఏ ఇంట్లోనూ మంచిది కాదు. పుట్టింట్లో చావు జరిగి నెల తిరగని ఆడదాని ఇంట్లో, కడుపుతో ఉన్న పిల్ల ముందు, అది ఇంకా మంచిది కాదు. ఆ సంగతి కౌసల్యకు తెలుసు. ఆగమ్మకూ తెలుసు. 

"నా పొయ్యి ఆర్పినవానే?" అన్నది ఆగమ్మ. "నా అవ్వ పోయి ఇరవై దినాలు గాలే, నా పొయ్యి ఆర్పనీకి వస్తివా?"

"అండ్ల సునాముఖి ఉంది వదినె. ఏడో నెల పిల్లకు గది తాపుతవా?"

"అది దగ్గు మందు. ఆకు మందు దగ్గుకే. నాకు తెల్వదా? చిన్నప్పటిసంది మా అవ్వ తాపితే తాగిన దాన్ని."

"నీ చిన్నప్పుడు కుండల ఉండె. ఏ కుండల ఏముందో అత్తకు తెలుసు. ముల్లెలు నేను కట్టిన. ఎర్ర పేలికది ఒక మందు, పచ్చ పేలికది ఒక మందు. నువ్వు విప్పి రెండు ఒక్కటి జేసినవ్. మల్లయ్య చెరకుతోట్ల ఎందుకున్నడో అడుగు."

గడపలో ఒక ఆడమనిషి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగమ్మకు అది కనబడింది. ముఖం ఎర్రగా అయింది.

"పేలికలట, ముల్లెలట. ఇది నర్సింహమ్మ మందు. ఊరూరికి తెలుసు. నా తల్లి మందు నేను పంచితే నీ కడుపుల మంటెందుకే?"

"పంచు. నువ్వే ముందు ఒకటి తాగి పంచు. ఇగ, ఆ చేట తియ్యి. దగ్గు ముల్లె ఏదో ఏరి ఇయ్యి, నేను తాగుత. జరం ముల్లె ఏదో చెప్పు. చెప్పు వదినె, బిడ్డవు గద."

ఆగమ్మ చేట వైపు చూసింది. అన్నీ తెల్లగా ఉన్నాయి. ఆమె చెయ్యి చేట మీదికి పోయి ఆగింది. అందరూ ఆ చేతినే చూస్తున్నారు. అప్పుడు ఆగమ్మ చెయ్యి వెనక్కి తీసుకొని, గొంతు పెంచకుండా, ఒక మాట అన్నది.

"ముల్లెలు కట్టిన కట్టిన అంటున్నవ్. మా అవ్వ ఒక్కనాడన్న, గివి నా కోడలు కట్టింది అని ఎవలతోనన్న చెప్పిందానే? నేను నెలకోసారి వచ్చిపోయిన. నాతోని ఎన్నడు చెప్పలే."

 కౌసల్య బస్సులో పెట్టుకున్న మాటల్లో ఇది లేదు. నర్సింహమ్మ ఎవరితోనూ చెప్పలేదు. కాజీపల్లి మనుషులు వచ్చి, అవ్వా నీ చాయ్‌తోటి బతికినం అంటే, ముసలమ్మ తల ఊపేది. కౌసల్య పక్కనే కూర్చొని పేలికలు చింపుతూ ఉండేది. అప్పుడు ఏమీ అనిపించలేదు. ఇప్పుడు, చనిపోయిన మనిషి మీద, మళ్ళీ తిరిగి రాని మనిషి మీద, కోపం లేచింది. ఒక్క మాట. ఒక్క మాట చెప్పి పోతే ఏం పోయేది ఆ ముసలమ్మకు?

"చెప్పలే," అన్నది. "నిజమే. చెప్పలే."

వాకిట్లోకి వచ్చి చేట ఎత్తుకుంది. ఆగమ్మ చేట అంచు పట్టుకుంది. ఇద్దరూ అటూ ఇటూ గుంజారు. నలభై దాటిన ఆగమ్మ, ముప్పై నిండని కౌసల్య, చిన్నపిల్లల మాదిరిగా. సంగమ్మ బయటికి వచ్చి, "ఇడువు అత్తా, నేనైతే తాగ," అన్నది. ఆ మాటతో ఆగమ్మ పట్టు వదిలింది. కౌసల్య ఆ చేటను పెరట్లోకి తీసుకుపోయి, మూటలన్నిటినీ పెంటకుప్ప మీద బోర్లించి, పారతో పేడ తీసి పైన కప్పింది. వెనక ఆగమ్మ తల్లిని పిలిచి ఏడుస్తూ ఉంది. అవ్వా, నీ మందు పెంటల పోసిన్రే, అవ్వా. ఆ ఏడుపు నిజమైనదే. కౌసల్యకు ఆ సంగతి తెలిసింది. తెలిసినా పార ఆపలేదు.

పోయేముందు సంగమ్మతో, "తులసాకు, మిరియం కాసుకో. ఇంక ఏం కలపకు," అని చెప్పింది. ఆగమ్మ వైపు చూడలేదు. నీళ్ళు కూడా తాగకుండా బస్సుకు నడిచింది.

ఇంటికి వచ్చి అదే పని చేసింది. ఏరి పెట్టిన వేర్లు ఉంచుకుంది. నాలుక పగిలేదాకా ఏరిన ఆకుపొట్టు, చేటలు చేటలు, తీసుకుపోయి కుప్ప మీద పోసింది. అడ్డసరం అని తాను తేల్చిన దాన్ని కూడా పోసింది. నూటికి తొంభై సరిగ్గా ఉన్నా మిగిలిన పది ఎవరి గిన్నెలో పడుతుందో ఆమెకు తెలియదు.

షిఫ్టు దిగి వచ్చిన మొగులయ్య పెరట్లో నిలబడి చూశాడు. "అవ్వ చేతిది గంతేనానే మిగిలింది? గది గూడ పారేస్తివా?"

"అత్త దంచింది, నేను కట్టిన. మీ అక్క విప్పింది, నువ్వు సూసినవ్," అన్నది కౌసల్య. "ఇగ నన్ను అడగకు."

ఆ తర్వాత చాలా రోజులు ఇద్దరూ అవసరానికే మాట్లాడుకున్నారు. ఆగమ్మ రాకపోకలు ఆగిపోయాయి. ఆడబిడ్డ పొయ్యి ఆర్పిన మనిషి అని కొండాపూర్ దాకా పేరు పడింది. వానలు మొదలయ్యాయి. ముసురులో ఆకు ఆరదు, బూజు పడుతుంది. షెడ్ల నుంచి మనుషులు వచ్చి అడిగితే లేదని ఒక్క మాట చెప్పి లోపలికి పోయేది. ఇంత కోపమెందుకమ్మా, రేపిస్తావా, ఎల్లుండిస్తావా అని అడిగినవాళ్ళకు ఆ మాట కూడా చెప్పేది కాదు. హైమావతి దగ్గు దానంతట అదే తగ్గింది. సంగమ్మకు శ్రావణంలో ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు ఐలన్న తెచ్చాడు, ఆగమ్మ పంపలేదు. బాలింతకని సొంఠి, పిప్పలి, వాము కలిపి పదకొండు పూటల మందు కట్టి ఐలన్న చేతికి ఇచ్చి, ఎవరు ఇచ్చారని అడిగితే నా పేరు చెప్పు, అంది. తీసుకున్నారో పారేశారో ఆమె అడగలేదు.

దసరా పోయాక ఎండ గట్టిపడింది. కౌసల్య ఒక్కతే గట్ల మీద తిరిగింది. తిరిగే చోట్లు తగ్గాయి. అడ్డసరం కంచె ఉన్న చోట ఒక కంపెనీ ప్రహరీ లేచింది. ఇంకొంచెం దూరం పోయి తెచ్చింది. సునాముఖి మాత్రం ఈసారి దంచలేదు, కొమ్మ కొమ్మగా దూలానికి కట్టింది. అవసరమున్నవాళ్ళకు తన కళ్ళ ముందు తుంచి ఇవ్వాలని నిర్ణయించుకుంది. మధ్యాహ్నాలు రోలు ముందు కూర్చుంటే దంచేదీ తానే, కట్టేదీ తానే. రెండు పనులు ఒక్క మనిషికి చేతకాక, రోకలి దించి ఊరికే కూర్చునేది. ఎదురుగా ఖాళీ పీట. దాన్ని తీసేయలేదు, దాని మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు.

కార్తీకంలో ఒక పొద్దున కాజీపల్లి నుంచి ఒకావిడ వచ్చింది. కొత్తగా వచ్చిన మనిషి. మొగుడిది ఏదో షెడ్‌లో పనట. చెప్పులు అరుగు కింద విడిచి, గడపలో నిలబడి అడిగింది.

"నర్సింహమ్మ చాయ్ గిక్కడనేనా దొరికేది? ఉన్నదా ఆమె?"

కౌసల్య రోకలి దించింది. ఆరు నెలలుగా ఎవరు అడిగినా లేదని చెప్పింది తప్ప, అత్తకు ఏమైందో నోటితో అనలేదు.

"నర్సింహమ్మ సచ్చిపోయింది," అన్నది. గొంతు కోపంగానే వచ్చింది. వచ్చిన మనిషి ఒక అడుగు వెనక్కి వేసింది. "ఎండాకాలంల పోయింది. మా అత్త. ముల్లెలు నేను కడత. ఎప్పటినుంచో నేనే కడుతున్న. నా పేరు కౌసల్య."

"అట్లనా అమ్మా. నాకు తెల్వదు. ఎవలో చెప్తే వచ్చిన."

"తెల్వదనే చెప్తున్న. ఇంకెవలన్న అడిగితే నువ్వు గూడ గట్లనే చెప్పు." కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకొని, ఆ మనిషి మీదే కసురుకుంది. "గక్కడ నిలబడ్డవేంది, లోపలికి రా. దగ్గా, జరమా? ముట్టు నీళ్ళు పోసుకొని ఎన్ని దినాలైంది, అది ముందు చెప్పు."